రాగి మనదా, ఆఫ్రికాదా? గడ్డి పంటగా మారిన దారిలో మూడు ప్రశ్నలు

2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా పాటించింది. అప్పటి నుంచి బెంగళూరులో రాగి హోదా పెరిగింది. చిత్తూరు, అనంతపురం, కోలారు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్లకు సంగటి కొత్తేమీ కాదు. జయనగర్ షాపుల్లో రాగి కుకీలు, రాగి సేమియా, రాగి మాల్ట్ వరసగా పేర్చి, ప్యాకెట్ మీద ‘వేల ఏళ్ల నాటి దేశీ పంట’ అని అచ్చేయడం మాత్రం కొత్త. సరిగ్గా అదే సమయంలో ఫోన్లలో ఇంకో మాట తిరుగుతోంది: రాగి పుట్టింది ఆఫ్రికాలో, మనది కాదు. నలుగురు కూర్చున్న చోట ఈ మాట ఎత్తితే చాలు. “మా ముత్తాతలు తిన్నదే కదప్పా, మధ్యలో ఆఫ్రికా ఎక్కణ్నుంచి వచ్చింది?” అని ఒకరు, “సైన్సు చెప్పాక ఇంక వాదన ఏంది?” అని మరొకరు.

ఇద్దరి దగ్గరా కొంత నిజం ఉంది. చిక్కు ఎక్కడంటే, ఒకే ప్రశ్న అనుకుంటున్న దాంట్లో మూడు ప్రశ్నలున్నాయి. రాగి ఏ అడవి గడ్డి నుంచి వచ్చింది? ఆ గడ్డి పంటగా ఎలా, ఎంత కాలంలో మారింది? ఆ పంట మన నేలకు ఎప్పుడు చేరింది? మొదటిదానికి జవాబు మొక్క కణాల్లో ఉంది. రెండోదానికి జన్యువుల్లో, పాత ధాన్యపు పొట్టులో ఉంది. మూడోది మట్టి పొరల్లో మాడిపోయిన గింజల్లో దొరకాలి. ఒక ప్రశ్నకు దొరికిన సాక్ష్యం తెచ్చి ఇంకో ప్రశ్నకు జవాబుగా పెట్టినప్పుడల్లా గొడవ మొదలవుతుంది.

గడ్డికి, పంటకు తేడా ఎక్కడ?

బెంగళూరులో ఏ ఫుట్‌పాత్ పగుళ్లలో చూసినా ఒక గడ్డి కనిపిస్తుంది. నేలకు అణిగి, చదునుగా నొక్కినట్టున్న కాడలతో పరుచుకుని, పైన చేతివేళ్లలా విచ్చుకున్న సన్నని కంకులు. శాస్త్రీయనామం ఎల్యుసిన్ ఇండికా. రాగి పేరు ఎల్యుసిన్ కోరకానా, అంటే రెండూ ఒకే ప్రజాతి. రాగి చేలో ఈ గడ్డి మొలిస్తే లేతగా ఉన్నప్పుడు పైరేదో కలుపేదో పోల్చుకోవడం కలుపు తీసేవాళ్లకు కూడా కష్టమే.

ముదిరిన ఆ గడ్డి కంకి ఒకటి తుంచి బొటనవేలితో నలపండి. నల్లటి, సన్నని గీతలున్న గింజలు ఇసుకలా చేతిలోకి రాలిపోతాయి. ఎండిన రాగి కంకిని అలాగే నలిపితే అంత సులువుగా రాలవు. కోలారు, హోసకోటె వైపు కోతల రోజుల్లో రైతులు రాగి పనలను తారురోడ్డు మీద పరిచేది అందుకే. లారీలు, కార్లు పైనుంచి పోతే తప్ప గింజ కంకిని వదలదు. పూర్వం ఆ పని కళ్లంలో రాతి గుండు చేసేది.

గడ్డి వైపు నుంచి చూస్తే రాలిపోవడమే బతుకు. పండిన గింజ నేలలో పడితేనే వచ్చే ఏడు మొక్క ఉంటుంది. గింజను పట్టుకుని కూర్చున్న కంకి అడవిలో వంశం నిలుపుకోలేదు. పంట విషయంలో ఇది పూర్తిగా తిరగబడుతుంది: రాలని గింజే ఇంటికి చేరుతుంది, ఇంటికి చేరిందే మళ్లీ విత్తనమవుతుంది.

ఇక్కడ రెండు మాటలు విడదీసుకోవాలి. సాగు అంటే మనిషి చేసే పని: దున్నడం, విత్తడం, కోయడం. అడవి గడ్డిని కూడా సాగు చేయొచ్చు. మచ్చిక అంటే ఆ పని వల్ల మొక్కలో వచ్చే మార్పు. మనిషి లేకుండా బతకలేని స్థితికి మొక్క చేరితే మచ్చిక పూర్తయినట్టు. గింజ రాలకపోవడం, పెద్దదవడం, కంకులన్నీ ఒకేసారి పండడం, విత్తిన వెంటనే మొలవడం, ఈ లక్షణాలు వరి, గోధుమ, జొన్న, రాగి అన్నిట్లోనూ కొంచెం అటూఇటుగా కలిసే వస్తాయి. జాక్ హార్లన్, డి వెట్, ప్రైస్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు 1973లోనే ధాన్యాలన్నిటినీ పక్కపక్కన పెట్టి ఈ పోలికను చూపించారు.

ఎవరూ అనుకోకుండానే పంట ఎలా మారుతుంది?

పాతకాలపు రైతులు మంచి కంకులను ఏరి మొక్కను మార్చుకున్నారని మనం ఊహించుకుంటాం. కొంత అలా జరిగి ఉండొచ్చు. అలా ఏరకపోయినా మార్పు వస్తుందని డార్విన్ 1859లోనే అన్నాడు. అది ఎలాగో చిన్న లెక్కలో చూద్దాం.

ఒక చేలో 1000 మొక్కలు. 990 మొక్కలకు గింజ రాలే గుణం ఉంది, 10 మొక్కలకు లేదు. ఒక్కో మొక్కకు 100 గింజలు. కంకులు బాగా పండాక కొడవలితో కోశారు. ఈలోపు రాలే మొక్కల గింజల్లో సగం నేలపాలయ్యాయి. ఇంటికొచ్చింది 990 × 50, అంటే 49,500 గింజలు. రాలని మొక్కల నుంచి 10 × 100, అంటే 1000. మొత్తం 50,500లో రాలని రకం వాటా దాదాపు 2 శాతం. పోయిన ఏడాది చేలో 1 శాతమే ఉంది. వీటినే విత్తితే వచ్చే ఏడు దాదాపు 4 శాతం. ఇదే వరసలో ఏడో ఏటికి సగం దాటుతుంది, పద్నాలుగో ఏటికి 99 శాతం మించుతుంది. రైతు ఒక్కసారి కూడా కంకులు ఏరలేదు, కోసి విత్తాడంతే.

కోత పద్ధతి మారితే ఈ లెక్క తలకిందులవుతుంది. కొడవలి బదులు, బుట్ట పట్టుకుని కంకుల్ని దులిపితే బుట్టలో పడేవి రాలే గింజలే. అలా ఎన్నేళ్లు సాగు చేసినా గడ్డి గడ్డిగానే మిగులుతుంది. పచ్చిమీద కోసినా అంతే, రెండు రకాలూ సమానంగా ఇంటికొస్తాయి కాబట్టి ఎవరి వాటా పెరగదు. కొడవలి ఉన్నంత మాత్రాన సరిపోదు. ఎప్పుడు కోశారు, ఏ గింజల్ని విత్తనానికి ఉంచారు అన్నవీ లెక్కలోకి రావాలి.

ఒక్క అక్షరం మార్పు

గింజ రాలడం వెనక మొక్క చేసే పని ఏమిటి? గింజ కాడకు అతుక్కునే చోట సన్నని కణాల పొర ఒకటి ఉంటుంది. గింజ పండగానే ఆ పొర విడిపోతుంది. చెట్టు ఆకు రాలేదీ ఇలాగే. అడవి వరిలో ఈ పొర పూర్తిగా ఏర్పడుతుంది. సాగు వరిలో అరకొరగా ఏర్పడి ఆగిపోతుంది, కాబట్టి గింజ వేలాడుతూనే ఉంటుంది, కొట్టి రాల్చాలి.

2006లో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో చాంగ్‌బావ్ లీ, ఐలింగ్ జో, టావో సాంగ్ ఈ తేడా మూలాన్ని వరిలో పట్టుకున్నారు. ఎస్‌హెచ్4 అనే జన్యువులో డీఎన్ఏ అక్షరం ఒక్కటి మారింది, దాంతో తయారయ్యే ప్రొటీన్‌లో ఒక్క అమైనో ఆమ్లం మారింది. ఆసియాలో కోట్ల మంది అన్నం తినడానికి వీలిచ్చిన మార్పుల్లో ఇదొకటి. అన్ని రకాల వరిలో పనిచేసేది ఇదొక్కటే కాదు. అదే ఏడాది జపాన్ శాస్త్రవేత్తలు ఇంకో జన్యువును చూపించారు.

మొక్కజొన్న కథ ఇంకా విడ్డూరం. దాని అడవి పూర్వీకురాలు మెక్సికోలోని టియోసింటే. అది గుబురుగా కొమ్మలేసే గడ్డి, బుల్లి కంకికి గట్టి పెంకులో ఇరుక్కున్న గింజలు పది పన్నెండు. రెండిటినీ పక్కపక్కన పెడితే చుట్టాలని నమ్మడం కష్టం. చాలామంది వృక్షశాస్త్రవేత్తలు నమ్మలేదు కూడా. అమెరికా జన్యుశాస్త్రవేత్త జార్జ్ బీడిల్ రెండిటినీ సంకరం చేసి, రెండో తరంలో దాదాపు 50 వేల మొక్కలు పెంచి చూశాడు. సుమారు 500కి ఒకటి అచ్చం మొక్కజొన్నలా, మరొకటి అచ్చం టియోసింటేలా వచ్చాయి. ఆ 500 నుంచి ఏం తెలుస్తుంది? ఒక జన్యువే తేడా అయితే రెండో తరంలో నాలుగింట ఒకటి తాతను పోలుతుంది. నాలుగు జన్యువులైతే 256లో ఒకటి, ఐదైతే 1024లో ఒకటి. 500 వీటి మధ్య పడుతుంది. అంటే ఇంత తేడాకూ ముఖ్యమైన జన్యువులు నాలుగైదే. తర్వాత జాన్ డెబ్లీ బృందం వాటిలో ఒకదాన్ని, కొమ్మలేయడాన్ని ఆపే టీబీ1ను పట్టుకుంది. అక్కడ మారింది జన్యువు కాదు, దాన్ని ఎంత గట్టిగా పనిచేయించాలో చెప్పే పక్కనున్న భాగం. డీఎన్ఏలో గెంతులేసే ఒక ముక్క ఎప్పుడో అక్కడ వచ్చి కూర్చుంది.

మొక్క ఎదుగుదలలో ఎక్కడో ఒక మీట కాస్త అటూఇటూ జరిగితే మొత్తం రూపమే మారుతుందని దీన్నుంచి అర్థమవుతుంది. రాగిలో అలాంటి మీటను పట్టుకోవడం కష్టం. దానిలో దాదాపు ప్రతి జన్యువుకూ ఒక జోడీ ఉంటుంది. ఒకటి పాడైనా రెండోది నడిపించేయగలదు. ఆ జోడీ ఎక్కడిదో తెలిస్తేనే రాగి పుట్టుక తెలుస్తుంది.

రాగి అమ్మానాన్నల వెతుకులాట

చాలాకాలం రాగి భారతదేశంలోనే పుట్టిందని చాలామంది పండితులు నమ్మారు. వాళ్ల దగ్గర కారణాలు లేకపోలేదు. ఇక్కడ రాగి రకాలు లెక్కలేనన్ని. కొన్నిటి వేళ్లు పిడికిలిలా ముడుచుకుంటాయి, కొన్నిటివి తెరిచిన అరచేతిలా విచ్చుకుంటాయి. ఒక పంటలో వైవిధ్యం ఎక్కువున్న చోటే దాని పుట్టిల్లు అని రష్యన్ వృక్షశాస్త్రవేత్త వావిలోవ్ 1926లో చెప్పిన సూత్రానికి అప్పట్లో చాలా గౌరవం. వావిలోవ్ మాత్రం రాగిని ఇథియోపియాకే ఇచ్చాడు. పైగా రాగిని పోలిన గడ్డి, మన ఫుట్‌పాత్ గడ్డి, ఇక్కడ ఎక్కడ పడితే అక్కడ ఉంది. అదే తల్లి అయి ఉంటుందనుకోవడం సహజమే.

లెక్క తప్పింది క్రోమోజోముల దగ్గర. ఫుట్‌పాత్ గడ్డికి 18 క్రోమోజోములు, రాగికి 36. తూర్పు ఆఫ్రికాలో, చూడటానికి ఫుట్‌పాత్ గడ్డిలాగే ఉండి 36 క్రోమోజోములున్న ఇంకో అడవి గడ్డి ఉందని 1957లో తేలింది. కెన్నెడీ-ఓబర్న్ దాన్ని విడిగా గుర్తించి ఎల్యుసిన్ ఆఫ్రికానా అని పేరు పెట్టాడు. అప్పటిదాకా రెండిటినీ ఒకటే అనుకున్నారు.

తర్వాతి అడుగు మన పక్కనే పడింది. ధార్వాడ్‌లోని కర్ణాటక విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్. చెన్నవీరయ్య, ఎస్.సి. హిరేమఠ్ ఈ మొక్కలను ఒకదానితో ఒకటి సంకరం చేసి, పుట్టిన పిల్లమొక్కల కణాల్లో క్రోమోజోములు ఎలా జతకడతాయో చూశారు. ఆ పరిశోధన 1974లో వచ్చింది. ఈ పరీక్ష తర్కం తేలికే. తల్లి నుంచి వచ్చిన క్రోమోజోము, తండ్రి నుంచి వచ్చినదీ దగ్గరి చుట్టాలైతే జతకడతాయి, పిల్లమొక్క గింజ కడుతుంది. దూరమైతే ఒంటరిగా మిగులుతాయి, మొక్క గొడ్డుపోతుంది. రాగి, ఆఫ్రికా గడ్డి సంకరంలో 18 జతలూ చక్కగా కుదిరాయి. ఫుట్‌పాత్ గడ్డితో సంకరం చేస్తే పిల్లమొక్కకు రాగి నుంచి 18, గడ్డి నుంచి 9, మొత్తం 27 వస్తాయి. వాటిలో 9 జతలు కుదిరి, 9 ఒంటరిగా మిగులుతాయి.

అంటే రాగిలోని 36లో సగం ఫుట్‌పాత్ గడ్డి వంశానివే. అది తల్లి కాదుగానీ అమ్మమ్మో తాతమ్మో అవుతుంది. ఎప్పుడో మనిషి సాగు మొదలుపెట్టక చాలా ముందే దాని వంశపు గడ్డి ఒకటి ఇంకో గడ్డితో కలిసి, రెండింతల క్రోమోజోములున్న ఆఫ్రికా గడ్డి పుట్టింది. ఆ గడ్డి మచ్చికైతే రాగి అయ్యింది. ఆ ‘ఇంకో గడ్డి’ ఎవరో మాత్రం తేలలేదు. ఒకటి రెండు జాతుల పేర్లు వినిపించాయిగానీ తర్వాతి పరీక్షలకు నిలవలేదు. అంతరించి ఉండొచ్చన్నది ఒక అభిప్రాయం.

1976లో హిలూ, డి వెట్ రాగి మచ్చికైన చోటును ఇథియోపియా నుంచి ఉగాండా దాకా ఉన్న ఎత్తైన ప్రాంతాలుగా తేల్చారు. ఆఫ్రికా గడ్డి సహజంగా పెరిగేది అక్కడే. అక్కడి చేలల్లో రాగి, ఆ గడ్డి ఇప్పటికీ సంకరమవుతుంటాయి. మొదటి ప్రశ్న వరకు చాలామంది శాస్త్రవేత్తలు ఈ జవాబుతో ఏకీభవిస్తారు.

వావిలోవ్ సూత్రం మరి? తన పుట్టిల్లు కాని చోట కూడా ఒక పంట వేల ఏళ్లు సాగై, రకరకాల నేలల్లో, రకరకాల మనుషుల చేతుల్లో పడితే వైవిధ్యం కుప్పలుగా పెరగగలదు. హార్లన్ 1971లో ఈ మాటే గట్టిగా అన్నాడు. భారతదేశపు రాగి దానికి మంచి ఉదాహరణ.

బూడిద దిబ్బల కింద ఏం దొరికింది?

మూడో ప్రశ్న పురావస్తు శాస్త్రానిది. మామూలు గింజ మట్టిలో కుళ్లిపోతుంది. పొయ్యిలో పడి మాడి బొగ్గైన గింజ మాత్రం వేల ఏళ్లు ఉంటుంది. తవ్వకంలో తీసిన మట్టిని నీళ్ల తొట్టిలో పోస్తే బొగ్గైన గింజలు పైకి తేలుతాయి. వాటిని సన్నటి జల్లెడలో పట్టి, ఆరబెట్టి, మైక్రోస్కోపు కింద ఒక్కొక్కటిగా గుర్తుపడతారు. రాగి గింజ ఒకటిన్నర మిల్లీమీటరు. ముతక జల్లెడ వాడిన పాత తవ్వకాల్లో అలాంటివి ఎన్ని జారిపోయాయో లెక్కలేదు.

దక్కన్‌లో తొలి పశుపోషకులు వదిలిపోయిన బూడిద దిబ్బలున్నాయి. అవి పేడను కుప్పలేసి కాల్చగా మిగిలినవని పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరు తవ్వకాల్లో పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ చూపించాడు. (హంపి దగ్గరి ఒక దిబ్బను వాలిని దహనం చేసిన చోటని ఊళ్లో ఇప్పటికీ చెబుతారు.) ఆ కాలపు మనుషుల తిండి ఏమిటో వెతకడానికి డోరియన్ ఫుల్లర్, రవి కోరిశెట్టర్, పి.సి. వెంకటసుబ్బయ్య తదితరులు బళ్లారి పక్కన సంగనకల్లు, హావేరి జిల్లా హల్లూరులతో పాటు అనంతపురం జిల్లా వేల్పుమడుగు, కడప జిల్లా పెద్దముడియం, హనుమంతరావుపేట వంటి చోట్ల మట్టిని నీళ్లలో తేల్చి చూశారు. ఫలితాలు 2004లో వచ్చాయి.

సుమారు క్రీ.పూ. 2000 - 1200 మధ్య ఆ ఊళ్ల తిండిలో మళ్లీ మళ్లీ కనిపించినవి నాలుగు: ఉలవలు, పెసలు, అండుకొర్రలు, కొర్రల జాతికే చెందిన ఇంకో చిన్న గింజ. ఈ నాలుగో మొక్క ఇప్పుడు పంటే కాదు. కంకికి వెనక్కి వంగిన ముళ్లుండి ప్యాంటుకు అతుక్కుపోయే కలుపు గడ్డి. అండుకొర్రలు అనంతపురం, తుమకూరు సరిహద్దు మెట్టల్లో అడపాదడపా మిగిలాయి. ఇప్పుడు బెంగళూరు షాపుల్లో అవి ఏదో కొత్తగా కనుక్కున్న వింతధాన్యంలా ఖరీదుగా అమ్ముడవుతున్నాయి. ‘దేశీ’ అనే మాట ప్యాకెట్ మీద వేయడానికి రాగి కంటే వాటికే హక్కెక్కువ. ఆ మాటకొస్తే కొర్రలు చైనాలో మచ్చికైనవి. సామలు, అరికెలు, ఊదలు మన ఉపఖండానివి.

రాగి సంగతేమిటి? హల్లూరులో క్రీ.పూ. రెండో సహస్రాబ్దికి చెందిన రాగి దొరికిందని 1970ల మొదట్లో ప్రకటించారు. హరప్పా కాలపు చోట్ల నుంచీ ఇలాంటి వార్తలు వచ్చాయి. ఫుల్లర్ 2003లో వీటన్నిటినీ తిరగేసి చూస్తే చాలావరకు నిలవలేదు. పొట్టు పోయి మాడిన కొర్ర జాతి గింజలను రాగి అనుకున్న సందర్భాలు ఎక్కువ. అన్నీ తప్పని ఆయన అనలేదు. ఆఫ్రికా పంటలు ఆ కాలంలో దక్కన్‌కు చేరాయనే అంటాడు. కానీ రాగికి గట్టి ఆధారాలు అనుముల కంటే చాలా తక్కువ.

దీనికి ఎదురు వాదన కూడా తీసిపారేయదగ్గది కాదు. ఆఫ్రికాలో పాత రాగి గింజలు ఎక్కడ అని అడుగుతారు. అక్కడా ఆధారాలు పలచనే. ఇథియోపియాలోని గోబెడ్రా గుహలో దొరికిన రాగిని చుట్టూ ఉన్న మట్టి పొరను బట్టి చాలా పాతదనుకున్నారు. గింజకే నేరుగా రేడియోకార్బన్ పరీక్ష చేస్తే తర్వాతి కాలానిదని తేలింది. ఎలుక బొరియల్లోంచి, చీమల పుట్టల్లోంచి కొత్త గింజ పాత పొరలోకి జారడం పురావస్తు తవ్వకాల్లో మామూలే. తూర్పు ఆఫ్రికాలో నీళ్లలో తేల్చి చూసిన తవ్వకాలు తక్కువ కాబట్టి దొరకలేదంటే లేదని కాదు. అయితే ఆ మినహాయింపు ఆఫ్రికాకు ఇచ్చినప్పుడు భారతదేశానికీ ఇవ్వాలి కదా అన్న ప్రశ్న న్యాయమైనదే.

అరేబియా సముద్రం దాటిన గింజలు

రాగి ఒంటరిగా రాలేదు. జొన్న, సజ్జ, అలసంద, అనుములు, అన్నీ ఆఫ్రికావే, అన్నీ మన పొలాల్లో కలిసిపోయాయి. జొన్న మచ్చికవుతున్న దశ సూడాన్‌లో క్రీ.పూ. 3500 - 3000 నాటి కుండపెంకుల మీది ముద్రల్లో కనిపించింది. సజ్జకు మాలిలో క్రీ.పూ. 2500 ప్రాంతపు ఆధారం ఉంది. దారిలో ఉన్న మెసొపొటేమియాలో మాత్రం వీటి జాడ ఆ కాలంలో లేదు. అందుకే పెద్ద రాజ్యాల వ్యాపారం కంటే, తీరం వెంబడి తిరిగే చిన్న పడవలవాళ్లే వీటిని చేర్చి ఉంటారని ఫుల్లర్, నికోల్ బొయ్విన్ వాదించారు.

డిసెంబరు, జనవరిల్లో బెంగళూరు వి.వి.పురంలో అవరెకాయ మేళాకు జనం ఎగబడతారు. చిత్తూరు వాళ్లకు అవే అనపకాయలు, అంటే అనుములే, నానబెట్టి తోలు తీస్తే పితికిపప్పు. ఇంత ‘మనది’ అనిపించే కూర ఇంకోటి చెప్పడం కష్టం. దాని అడవి రూపం ఉన్నది తూర్పు ఆఫ్రికాలో.

పద్నాలుగేళ్లా, వెయ్యేళ్లా?

రెండో ప్రశ్నకు మళ్లీ వద్దాం, శాస్త్రవేత్తలు ఇంకా కొట్టుకుంటున్నది దాని మీదే. పైన మన లెక్క పద్నాలుగేళ్లంది. గోర్డన్ హిల్‌మన్, స్టువర్ట్ డేవీస్ అడవి గోధుమను నిజంగా పండించి, కోసి, 1990లో ఇచ్చిన అంచనా: పరిస్థితులు కలిసొస్తే 20, 30 ఏళ్లు, లేదంటే 200 ఏళ్ల లోపు.

తర్వాత తవ్వకాల్లో దొరికిన పొట్టును లెక్కపెట్టడం మొదలైంది. గింజ తానుగా రాలితే ఆ అతుకు దగ్గర నున్నటి మచ్చ ఉంటుంది. కొట్టి రాల్చితే చిరిగినట్టు గరుకుగా ఉంటుంది. చైనాలోని టియాన్‌లువోషాన్‌లో వరి పొట్టును ఇలా చూస్తే, 6900 ఏళ్ల క్రితం రాలని రకం 27 శాతం, 6600 ఏళ్ల క్రితం 39 శాతం. మూడు వందల ఏళ్లలో పెరిగింది 12 శాతమే. మన చేలో అయితే 27 నుంచి 39కి చేరడానికి ఒక ఏడాది చాలు. గోధుమలోనూ మార్పుకు వెయ్యేళ్లకు పైనే పట్టిందని టన్నో, విల్‌కాక్స్ 2006లో చూపించారు.

ఎందుకింత తేడా? మన లెక్కలో విత్తనమంతా ఇంటి నుంచే వెళ్లింది. నిజం చేలో పోయినేడు రాలినవి కూడా మొలుస్తాయి. పక్కనున్న అడవి గడ్డి పుప్పొడి వచ్చి కలుస్తుంది. కరువొస్తే విత్తనం తినేసి మళ్లీ అడవి గింజలు ఏరుకొస్తారు. రాలిపోతాయన్న భయంతో పచ్చిమీదే కోస్తారు.

అందరూ ఇది ఒప్పుకోరు. ఇజ్రాయెల్‌కు చెందిన షహల్ అబ్బో, అవి గోఫర్ వాదన వేరు. తొలి రైతులు తెలివైనవాళ్లు, ఏ మొక్క పనికొస్తుందో తెలిసే ఎంచుకున్నారు, మచ్చిక ఒకచోట త్వరగా జరిగింది, తవ్వకాల్లో కనిపించే ‘నెమ్మది’ పంట తర్వాత వ్యాపించి మెరుగుపడిన దశ అని వాళ్లంటారు. ఒంటిగింజ గోధుమ జన్యువులు టర్కీలోని కరజాదాగ్ కొండల వైపే చూపుతున్నాయని 1997లో వచ్చిన పరిశోధన వాళ్ల వైపు మొగ్గేదే. నాకు పొట్టు లెక్కలే ఎక్కువ బరువనిపిస్తాయి, ఎందుకంటే అవి ఆ రోజుల్లో ఆ చేలో ఏముందో నేరుగా చూపిస్తాయి. కానీ ఆ లెక్కలన్నీ గోధుమ, బార్లీ, వరిలవి. రాగికి అలాంటి వరుస ఇంకా లేదు, కాబట్టి రాగి ఇన్నేళ్లలో మచ్చికైందని చెప్పే అంకె ఏదైనా అంచనాగానే తీసుకోవాలి.

పప్పుగింజల్లో సంగతి వేరు. వాటికి రాలడం కంటే మొలకెత్తడమే పెద్ద సమస్య. పెసలు నానబెట్టి మొలకలు కట్టినప్పుడు రెండు మూడు గింజలు అలాగే రాళ్లలా మిగిలి పంటి కింద కటుక్కుమంటాయి. అది అడవి గుణం. గట్టి పైతోలు నీటిని లోపలికి రానివ్వదు, గింజ కొన్నేళ్లు నేలలో నిద్రపోతుంది. రైతుకు అలాంటి గింజ పనికిరాదు, కాబట్టి తోలు పలచబడింది. ఎప్పుడు? ఛార్లీన్ మర్ఫీ, ఫుల్లర్ దక్షిణాది తవ్వకాల్లో దొరికిన ఉలవలను పగలగొట్టకుండా, ఇంగ్లండ్‌లోని ఒక సింక్రోట్రాన్ (చాలా శక్తిమంతమైన ఎక్స్‌రేలు పుట్టించే యంత్రం) కిరణాలతో లోపలి తోలు మందం కొలిచారు. కాలం గడిచేకొద్దీ అది పలచబడిన తీరు 2017లో ప్రచురించారు. బళ్లారి, కర్నూలు వైపు మచ్చిక ఒక్క తరంలో జరిగిన పని కాదని చెప్పడానికి ఇది ఇప్పటివరకు ఉన్న గట్టి సాక్ష్యాల్లో ఒకటి.

ఆఫ్రికా రక్తం మళ్లీ కలిసిన రాగి

దేశంలో పండే రాగిలో సగానికి పైగా కర్ణాటకదే. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో దాని దిగుబడి పెంచడానికి మండ్య దగ్గరి వి.సి. ఫారంలో సి.హెచ్. లక్ష్మణయ్య పనిచేశారు. జనం ఆయన్ను ‘రాగి లక్ష్మణయ్య’ అనే పిలిచేవారు. రాగి పువ్వు మహా చిన్నది, తెల్లవారుజామున విచ్చుకుని తన పుప్పొడితో తానే గింజ కట్టేస్తుంది. సంకరం చేయడమంటే తలనొప్పే. ఆయన ఆఫ్రికా రకాలను తెప్పించి మన రకాలతో కలిపి ‘ఇండాఫ్’ వరుసను తెచ్చారు, ఇండియా, ఆఫ్రికా పేర్లలోంచి వచ్చిన పేరది. 1970ల నుంచి అవి దక్షిణ కర్ణాటక పొలాల్లోకి వెళ్లాయి. బెంగళూరులో నేడు ముద్దెగా, సంగటిగా తినే పిండిలో ఆ వంశం కలిసే ఉంటుంది. 2017లో రాగి జన్యుపటాన్ని తొలిసారి ప్రచురించిన బృందాల్లో బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయానిది ముందు వరుస. దానికి వాడిన రకం ఎంఎల్-365.

రేపు బళ్లారి దగ్గర ఎవరికైనా 5 వేల ఏళ్ల నాటి రాగి గింజ దొరికి, నేరుగా రేడియోకార్బన్ పరీక్షకు కూడా నిలిచిందనుకుందాం. అప్పుడు మారేది మూడో ప్రశ్నకు జవాబు: పంట ఇక్కడికి ఇంకా ముందే వచ్చిందని అర్థం. 36 క్రోమోజోముల ఆఫ్రికా గడ్డి రాగికి తల్లి అన్న మాట అలాగే ఉంటుంది. దాన్ని కదిలించాలంటే ఆ గడ్డి సహజంగా, మనుషులు తేకుండా, మన అడవుల్లో పెరిగినట్టు ఎవరైనా చూపించాలి. ఇప్పటికి అలాంటిదేదీ దొరకలేదు.